అక్క ఎత్తిన చేయి

"నీ దగ్గర అక్క ఫొటో ఏదన్న ఉందా? తల ఉన్నది గావాలె."

అక్క పోయిన మూడో రోజు పొద్దున ఆమె సొంత చెల్లెలు ఫోన్ చేసి నన్ను అడిగిన మాట ఇది. చర్చి హాల్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. బల్ల మీద పెట్టడానికి ఫొటో ఒకటి కావాలి. ఇంట్లో ఆల్బమ్‌లకు కొదవ లేదు. ఇరవై రెండేళ్ళు బాస్కెట్‌బాల్ ఆడిన మనిషి, ఊరూరా కప్పుల పక్కన నిలబడి దిగిన ఫొటోలు బోలెడు. కానీ ఏ పేజీ తిప్పినా అక్క మెడ దాకానే ఉందట.

"జెర్సీ నంబర్ మంచిగ కనవడ్తుంది. మొహమే లేదు" అని ఏడ్చింది చెల్లెలు. ఇటు నేనూ ఏడుస్తున్నదాన్ని కాస్తా ఫక్కున నవ్వేశాను. నవ్వాక నాలుక కరుచుకున్నాను. తర్వాత ఆమె కూడా నవ్వింది. ఇద్దరం కాసేపు నవ్వి, మళ్ళీ ఏడవడం మొదలుపెట్టాం.

తప్పు ఫొటోగ్రాఫర్లది కాదు. అక్క ఆరడుగుల ఒక అంగుళం. వెనక వరుసలో నిలబెడితే తల ఫ్రేములోంచి బయటికి పోయేది. ముందు వరుసలో కూర్చోబెడితే ఆ మోకాళ్ళు పక్కవాళ్ళిద్దరికీ అడ్డం వచ్చేవి. పడుకోబెట్టి తీద్దామన్న ఫొటోగ్రాఫర్ కూడా ఒకాయన ఉండేవాడు. చివరికి అందరూ ఆలోచించి, పోతే ఒక్క తలే కదా అన్న నిర్ణయానికి వచ్చేవారు.

వెతగ్గా వెతగ్గా నా పెళ్ళి ఆల్బమ్‌లో ఒకటి దొరికింది. బిర్యానీ ప్లేటు మీదికి వంగి ఉంది కనుక తల మొత్తం పడింది. చెల్లెలు దాన్ని పెద్దది చేయించింది. లెగ్ పీస్ మాత్రం కత్తిరించమని స్టూడియోవాళ్ళకు చెప్పిందట. అక్కకు తెలిస్తే ఊరుకునేది కాదు.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా ఆ పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. సికింద్రాబాద్‌లో బాస్కెట్‌బాల్ ఆడే ఆడపిల్లలకు ఆమె అక్క. మా తల్లులకు కూడా అక్కే. ఆఖరికి మా కోచ్, ఆమెకంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడు, ఆయనకూ అక్కే. ఒక్క రెఫరీ సారు మాత్రం సిస్టర్ అనేవాడు. ఆయన సంగతి తర్వాత చెబుతాను.

వాళ్ళది గుంటూరు వైపు నుంచి వచ్చి సీతాఫల్‌మండిలో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. నాన్న టీచరు. ఇంట్లో అందరూ నిమ్మళంగా, పుస్తకం చదివినట్టు మాట్లాడేవారు. అక్కా చెల్లెలూ మాత్రం గల్లీలో ఆడుకుని పెరిగారు కాబట్టి పచ్చి హైదరాబాదీలు. మా ఇల్లు వాళ్ళ వెనక గల్లీలోనే. మా నాయన కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. మా అమ్మీ కాన్పుల దగ్గర్నుంచి కరెంటు పోవడం దాకా ఏ కష్టం వచ్చినా ముందు అక్కనే పిలిచేది. కరెంటు సంగతికి కారణం ఉంది. గల్లీ మొత్తంలో స్టూలు ఎక్కకుండా ట్యూబ్‌లైట్ మార్చగలిగిన మనిషి ఆమే. పండగ ముందు రోజుల్లో బూజు కర్ర బదులు అక్కను తీసుకెళ్ళినవాళ్ళు ఉన్నారు. "నేను ఇండియా క్యాంపుకు పోయొచ్చిన ప్లేయర్‌నే" అని గొణుగుతూనే ఆ మూలా ఈ మూలా దులిపి వచ్చేది.

ఎంత ఎత్తైన గుమ్మం ఎదురైనా తల వంచే లోపలికి పోయేది. తిరుమలగిరిలో ఒక మిలిటరీ మైదానానికి ఇరవై అడుగుల గేటు ఉండేది. దాని కింద కూడా వంగింది. "ఏందక్కా, లారీలు పోతయ్ దీని కిందికెళ్ళి" అంటే, "లారీకి నొసలు ఉంటదా?" అనేది.

ఉద్యోగం ఒక ప్రభుత్వ ఆఫీసులో, స్పోర్ట్స్ కోటాలో వచ్చింది. ఆమెను రికార్డు రూములో వేశారు. పై అర అందే మనిషి వాళ్ళకు దొరికింది, ఎందుకు వదులుకుంటారు? అక్క నిలబడ్డ చోటునుంచే ఫైళ్ళు విసిరి అరలో పడేసేది. గోడకు కొట్టి, అక్కణ్ణుంచి జారి సరిగ్గా అక్షరక్రమంలో కూర్చునేటట్టు వేసేదని చెప్పుకునేవారు. నేను చూసిన రోజు ఫైలు ఫ్యాన్‌కు తగిలి కాగితాలు గది నిండా ఎగిరాయి. అప్పుడే ఆఫీసరు గారు లోపలికి వచ్చి "ఎవరిదీ పని?" అన్నారు. గదిలో ఉన్నది మేమిద్దరమే. నేను ఉద్యోగిని కాను. అయినా అక్క బుద్ధిగా కుడిచేయి పైకెత్తి నిలబడింది.

ఆ చేయి ఎత్తడం గురించి చెప్పాలి.

అక్క చిన్నప్పుడు ఆట నేర్చుకున్న రోజుల్లో ఒక నియమం ఉండేది. రెఫరీ ఫౌల్ ఈల ఊదగానే, తప్పు చేసిన మనిషి తనంతట తాను చేయి పైకెత్తాలి. స్కోరు రాసే బల్ల దగ్గరవాళ్ళకు ఎవరి పేరు మీద రాయాలో తెలియాలి కదా. ఆ తర్వాత ఆ నియమం తీసేశారు. మేమంతా చేతులు ఎత్తకుండానే, పైగా "నేనా? నేనేం జేసిన?" అని రెఫరీ మీదికి కళ్ళు పెద్దవి చేసి ఆడిన తరం. అక్కకు మాత్రం స్కూల్లో డ్రిల్ మేడం నేర్పింది నేర్పినట్టే ఉండిపోయింది. పైగా ఆమె చేయి ఈల కోసం ఆగేది కాదు. తాకిందంటే ఎత్తేది. రెఫరీ చూడకపోయినా ఎత్తేది. కోచ్ నెత్తి బాదుకున్నా ఎత్తేది.

ఇక ఆ అలవాటు కోర్టు దాటి బయటికి వచ్చేసింది. బస్సులో ఎవరి కాలన్నా తొక్కితే, పట్టుకున్న రాడ్ వదిలి చేయి ఎత్తేది. చర్చిలో పాస్టరు గారు "ఈ వారం బైబిలు తెరవనివారు ఎవరైనా ఉన్నారా?" అని ఏదో ప్రసంగం ఊపులో అడిగితే, చివరి బెంచీలోంచి ఆ పొడుగాటి చేయి లేచేది. అంత పొడుగు చేయి చూడలేదని నటించడం ఎవరివల్లా కాదు. ఆయన ఆ తర్వాత ప్రశ్నలు అడగడం మానేశారు. మా ఇంట్లో ఈద్ రోజు షీర్‌ఖుర్మా గిన్నె అడుగు కనబడితే మా అమ్మీ ఎవరినీ అడిగేది కాదు, అక్క చేతి వైపు చూసేది.

రెఫరీలకు ఇది మహా సుఖం. ముఖ్యంగా రెఫరీ సారుకు. ఆయన మిలిటరీలో పనిచేసి వచ్చి తిరుమలగిరిలో ఉండేవాడు. తెల్లగా గంజి పెట్టిన ప్యాంటు, గంజి పెట్టినట్టే నిలబడే మీసం. అక్క స్కూలు టీములో ఉన్నప్పటి నుంచి ఆమె మ్యాచ్‌లకు ఊదుతున్నాడు. అక్క ఉన్న వైపు ఆయన అసలు కన్నెత్తి చూసేవాడే కాదు. "సిస్టర్ చెయ్యి లేస్తే ఫౌల్. లేవకుంటే కాదు. నేను గా పక్క చూసుకుంటే చాలు" అని మాతోనే చెప్పాడు. అవతలి టీములు కూడా దీన్ని ఒప్పుకునేవి. ఎవరైనా కొత్త పిల్ల కిందపడి "ఆమె తోసింది సార్" అని ఏడిస్తే, ఆ పిల్ల సొంత కోచే అక్క చేయి చూసి, "లేదు, నువ్వే జారినవ్, లే" అనేవాడు.

ఇంత నిజాయితీగా ఆడితే మ్యాచ్‌కు ఐదు ఫౌళ్ళు ఎప్పుడో నిండిపోవాలి. ఐదు నిండితే ఇక ఆ మ్యాచ్‌లో ఆడటానికి లేదు, బయటికి వచ్చి కూర్చోవాలి. అక్క అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అలా బయటికి రాలేదు. కప్పులూ పతకాలూ బీరువా మీద ఎక్కడెక్కడో పడి ఉండేవి, వాటి ఊసు ఎత్తేది కాదు. ఈ ఒక్క సంగతి మాత్రం, పరిచయమైన ఐదు నిమిషాల్లో ఎవరికైనా చెప్పేది. ఆటో డ్రైవర్‌కు చెప్పడం నేను విన్నాను. "చెయ్యెత్తి మరీ నాలుగు దాటలే బ్రదర్, ఒక్కసారి గూడ దాటలే." ఆయన "మంచిగయింది మేడం" అని మీటరు వేశాడు.

ఇప్పుడు నా సంగతి.

నేను బాస్కెట్‌బాల్‌లోకి వచ్చింది అక్క వెనక నీళ్ళ సీసాలు మోస్తూ. నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. నాకు నేనై ఆడగలనన్న భ్రమ ఎప్పుడూ లేదు గానీ అక్కకు ఉండేది. "నీకు కాళ్ళున్నయ్, కండ్లున్నయ్, ఇంకేం గావాలె?" అనేది. పొద్దున ఐదున్నరకే కోర్టుకు లాక్కుపోయేది. ఆమె వస్తోందని నడక కంటే ముందు మోకాళ్ళకు రాసుకున్న బామ్ వాసన చెప్పేది. నేను ఫ్రీ త్రో వేయడానికి బంతి పట్టుకుని ఆలోచిస్తూ నిలబడితే, "ఏందే, బాల్‌ని పెళ్ళిచూపులు జూస్తున్నవా? నచ్చిందని జెప్పి ఎయ్యి" అని అరిచేది. అలా మూడేళ్ళు అరిచి అరిచి, నన్ను జిల్లా టీములో ఎనిమిదో మనిషిని చేసింది. ఎనిమిది మందిమే ఉన్నామన్నది వేరే సంగతి.

నేను బెంచీ మీద కూర్చునేదాన్ని. మా కోచ్‌కు ఒక సిద్ధాంతం ఉండేది. "గెలుస్తున్నప్పుడు టీమ్ మారుస్తరా ఎవరన్న? ఓడిపోతున్నప్పుడు మార్చి ఏం ఫాయిదా?" అనేవాడు. మ్యాచ్ అన్నాక ఈ రెండింటిలో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది కనుక నా వంతు ఎన్నటికీ రాలేదు. నేను బ్యాగు సర్దుకుని టోర్నమెంటుకు బయల్దేరుతుంటే మా అమ్మీ గుమ్మంలో నిలబడి అడిగేది: "కూసునేటందుకు గంత దూరం పోవాల్నా బిడ్డా? మనింట్ల కుర్చీ లేదా?"

ఆ సంవత్సరం అక్క పనిచేసే ఆఫీసులాంటిదే ఇంకో ఆఫీసులో స్పోర్ట్స్ కోటా కింద ఒక ఉద్యోగం పడింది. నాకు వయసు పరిమితి ఆ ఏడుతో దాటిపోతుంది. అంటే అదే ఆఖరి దరఖాస్తు. అది పోతే నాయన కొట్టులోనే ఒక మిషను ముందు కూర్చుని బ్లౌజులకు హుక్కులు కుట్టుకోవాలి. అప్పటికే కుడుతున్నాను, ఆ పని నాకు వచ్చినంత బాగా బాస్కెట్‌బాల్ రాదు కూడా. కానీ నాకు ఆ ఉద్యోగం కావాలి. ఒట్టి కోరిక కాదు, రోజూ అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొచ్చేది. నాయన కళ్ళు మసకబారుతున్నాయి. సూదిలో దారం నేను ఎక్కించి ఇవ్వాల్సి వస్తోంది.

రాష్ట్ర స్థాయి పోటీల్లో ఆడినట్టు సర్టిఫికెట్ ఉంటే చాలని అందరం అనుకున్నాం. దరఖాస్తు చూస్తే స్కోర్‌షీట్ నకలు కూడా పెట్టమని ఉంది. ఆ కాగితం మీద ప్రతి మనిషి పేరు పక్కన ఒక చిన్న గడి ఉంటుంది. ఆ మనిషి మ్యాచ్‌లో మొదటిసారి కోర్టులో కాలు పెట్టినప్పుడు స్కోరు రాసేవాళ్ళు ఆ గడిలో చిన్న ఇంటూ గుర్తు వేస్తారు. కాలు పెట్టకపోతే గడి ఖాళీ. బెంచీ మీద కూర్చుని సర్టిఫికెట్లు తెచ్చుకునే నాలాంటివాళ్ళను పట్టుకోవడానికే ఆ ఏర్పాటు. తప్పు పట్టడానికి లేదు.

రాష్ట్ర పోటీలు ఆ ఏడు సికింద్రాబాద్‌లోనే, తిరుమలగిరి దగ్గర ఒక స్కూల్లో జరిగాయి. సిమెంటు కోర్టు. నాలుగు మ్యాచ్‌లు ఆడాం, అంటే వాళ్ళు ఆడారు. నాలుగింటిలోనూ నా గడి ఖాళీ. మిగిలింది మూడో స్థానం కోసం వరంగల్‌తో మ్యాచ్ ఒక్కటే. దరఖాస్తుకు గడువు ఇంకో రెండు రోజులు.

ఆ పొద్దున టిఫిన్ దగ్గర అక్క కోచ్ ముందు కూర్చుంది. "రెండు నిమిషాలు దింపు దీన్ని. ఒక్క ఇంటూ పడితే చాలు."

"గెలుస్తున్నప్పుడు..." అని మొదలుపెట్టాడు ఆయన.

"నాకు తెల్సు నీ కథ. పిల్ల బతుకు ఉంది దీన్ల."

"అక్కా, పతకం ఉంది దీన్ల. ముప్పై ఆరేండ్లొచ్చినయ్ నీకు, ఇది నీ ఆఖరి మ్యాచ్. నీకు పతకం వద్దా?"

అక్క తన ప్లేటులో వడ తీసి నా ప్లేటులో పెట్టింది. అక్క తన ప్లేటులోంచి తిండి తీసి ఇంకొకరికి పెట్టడం నేను అంతకుముందు చూడలేదు. నాకు భయం వేసింది.

మ్యాచ్ మధ్యాహ్నం మొదలైంది. వరంగల్ టీములో ఒక పొట్టి అమ్మాయి ఉండేది, నా అంతే ఉంటుంది, కానీ ఆ అమ్మాయికి నిజంగానే కాళ్ళూ కళ్ళూ ఉన్నాయి. మా వాళ్ళ మధ్యలోంచి దూరి దూరి పోతోంది. సగం ఆట అయ్యేసరికి మేం తొమ్మిది పాయింట్లు వెనకబడ్డాం. మాలో ఒకామెకు ఐదు ఫౌళ్ళు నిండాయి. నేను లేచి నిలబడ్డాను కూడా. కోచ్ నా పక్కనున్నామెను పంపాడు. ఇక బెంచీ మీద ఐదూ నిండినామె, చీలమండ బెణికినామె, నేను. ముగ్గురం ఒకే తువ్వాలు కప్పుకుని కూర్చున్నాం.

అక్క మోకాళ్ళు ఆ రోజు ఆమె మాట వినలేదు. నాలుగుసార్లు ఆలస్యంగా చేరింది, నాలుగుసార్లూ తగిలింది, నాలుగుసార్లూ చేయి ఎత్తింది. చివరి నాలుగు నిమిషాలకు నాలుగు ఫౌళ్ళు. "జాగ్రత్త అక్కా, ఇంక దూరం నిలబడు" అని కోచ్ అరుస్తున్నాడు. అక్క ఒకసారి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆ చూపుకు అర్థం తెలియక కాదు.

రెండు నిమిషాలున్నాయనగా ఆ పొట్టి అమ్మాయి బంతి తీసుకుని దూసుకొచ్చింది. రింగు కింద అక్క. అమ్మాయి గాలిలోకి లేచింది, అక్క లేచింది. బంతి రింగు అంచుకు తగిలి బయటికి పోయింది. రెఫరీ సారు ఈల ఊదాడు, బంతి బయటికి పోయిన ఈల. అందరూ వెనక్కి తిరిగారు. అక్క మాత్రం రింగు కింద చేయి పైకెత్తి నిలబడి ఉంది.

రెఫరీ సారు చూశాడు. చూసి, చూడనట్టు బంతి వైపు నడిచాడు.

"సార్" అంది అక్క.

"ఆట నడవనియ్యి సిస్టర్. చెయ్యి దించు."

"తాకింది సార్."

"నేను చూడలే."

"నేను చూసిన గద."

ఆయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. తగ్గించినా మిలిటరీ గొంతు, మాకు వినబడింది. "నాలుగున్నయ్ సిస్టర్ నీకు. ఇరవై రెండేండ్లల్ల ఒక్కసారి పోలే. ఆఖరి మ్యాచ్. నా చేతుల మీదికెళ్ళి పంపియ్యమంటవా?"

"సార్, చెయ్యి గుంజుతుంది, జెర జల్ది ఊదుండ్రి."

"పరేషాన్ జెయ్యకు సిస్టర్."

"ఊదుతరా, నన్నే ఊదమంటరా?"

కోర్టు చుట్టూ జనం లేచి నిలబడ్డారు. కోచ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. ఆ వరంగల్ అమ్మాయి ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, మళ్ళీ మూసింది. రెఫరీ సారు ఈల నోట్లో పెట్టుకున్నాడు. అది సగమే మోగింది. మిగతా సగం గాలే వచ్చింది. ఆయన మీసం అంత వాలిపోగా నేను ఎన్నడూ చూడలేదు.

బల్ల దగ్గర ఐదో నంబరు చూపించారు. అక్క చేయి దించి, బెంచీ దగ్గరికి వచ్చి, నా మీదున్న తువ్వాలు లాగి తను కప్పుకుంది. "పో" అంది. "భయపడకు. నీకు బాల్ ఎవ్వరూ ఇయ్యరు."

నేను కోర్టులో కాలు పెట్టాను. బల్ల దగ్గర పెన్ను కదలడం చూశాను, ఇంకేమీ చూడలేదు. ఫౌల్‌కు బదులుగా వరంగల్ అమ్మాయికి రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు. అంత బాగా వేసే అమ్మాయి రెండూ పోగొట్టింది. ఆ రెండు నిమిషాల్లో నాకు బంతి ఒక్కసారి పొరపాటున వచ్చింది. దాన్ని నేను చక్కగా ఛాతీ ఎత్తులో, అక్క నేర్పినట్టే, రెఫరీ సారుకు పాస్ చేశాను. పదమూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. మా కోచ్ నాతో నెల రోజులు మాట్లాడలేదు. నాకు ఉద్యోగం వచ్చింది.

అమ్మీ అక్కకు షీర్‌ఖుర్మా గిన్నెడు తీసుకెళ్ళి ఇచ్చి, ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. "నా బిడ్డ కోసం కావాల్నని కొట్టినవంట కదా ఆ పిల్లను."

"కొట్టలే. అసలు అది ఫౌలే కాదు" అంది అక్క, గిన్నె మూత తీస్తూ.

అది మొదలు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు అక్క ఆ మాట మీదే నిలబడింది. ఎవరైనా "మీరు కూడా ఒకసారి ఐదు ఫౌళ్ళకు పోయారట కదా" అంటే అంతెత్తున లేచేది. "పోలే. అది ఫౌల్ కాదు. లెక్కలకు రాదు." మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. నేనైతే మరీ. ఆఫీసుల మధ్య దూరం తక్కువ కావడంతో మధ్యాహ్నం భోజనాలు కలిసి తినేవాళ్ళం. కొత్తవాళ్ళు ఎవరు వచ్చినా నేనే కదిపేదాన్ని.

"ఫౌల్ కాకపోతే చెయ్యెందుకు లేపినవ్ అక్కా?"

"చంకల గాలాడ్తలేదని."

"మరి ఊదమని సార్‌తోని కొట్లాడింది ఎవరు?"

"నువ్వు అన్నం తిను."

ఇన్నాళ్ళూ అది గొప్ప కోసం చెప్పే మాట అనుకున్నాను. తను ఎంత అపురూపంగా చూసుకున్న లెక్క అది. నా కోసం చేజేతులా చెరుపుకుంది. చెరిపాక మనసు ఒప్పుకోక, కాదు కాదు అంటోంది అనుకున్నాను. జాలిపడి, ఇంకా ఎక్కువ ఏడిపించేదాన్ని. ఉడుక్కునేది. ఉడుక్కుంటే ఆ పొడుగాటి మెడ కింది నుంచి పై దాకా ఎర్రబడేది, అది చూడటం నాకు సరదా.

కూడిక రోజు చర్చి హాలు నిండిపోయింది. వచ్చినవాళ్ళలో సగం మంది ఆరడుగులకు దగ్గరలో ఉన్నారు కనుక వెనక కూర్చున్నవాళ్ళకు ఏమీ కనబడలేదు. పాస్టరు గారు, ఇప్పుడు కొత్తాయన, ఆమె సత్యసంధురాలు అన్నారు. నన్ను మాట్లాడమంటే ఆ మ్యాచ్ కథే చెప్పాను. ఐదో ఫౌల్ దగ్గర హాలంతా నవ్వింది. "అయినా ఒప్పుకోలేదండీ, పోయేదాకా అది ఫౌల్ కాదనే అన్నది" అని ముగించాను. అందరూ ఇంకా నవ్వారు. నాకు బాగా మాట్లాడానన్న తృప్తి కూడా కలిగింది.

టీ దగ్గర ఒకామె నా పక్కకు వచ్చి నిలబడింది. నా అంతే ఎత్తు. సమోసా చేతిలో పట్టుకుని తినకుండా చూస్తోంది. "గుర్తుపట్టినవా? వరంగల్" అంది. ఇప్పుడు అక్కడే ఒక స్కూల్లో ఆటల టీచరట. కబురు తెలిసి పొద్దున రైలెక్కి వచ్చింది.

"నువ్వు చెప్పింది తప్పు" అంది. "అక్క నన్ను తాకలే."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు.

"గాల్ల ఉన్న నేను. అక్క చెయ్యి నా మీదికి వచ్చింది, కొట్టేటందుకే వచ్చింది. నాకు తెలుస్తాంది. తోసుంటే సిమెంటు మీద పడి నా పండ్లు రాలుతుండె. దగ్గరికొచ్చి మల్ల గుంజుకుంది. మా ఇద్దరి నడుమ ఇంకో మనిషి పట్టేంత జాగ ఉండె. గుంజుకున్న చెయ్యే పైకి లేపింది."

"మరి నువ్వు చెప్పొద్దా అప్పుడు?"

"రెండు షాట్లు ఇస్తాంటే వద్దంటరా ఎవరన్న?" అంది. సమోసాను అటూ ఇటూ తిప్పి, "రెండూ పోయినయ్ గద. దేవుడున్నడు" అంది.

నా చేతిలో టీ చల్లారిపోయింది. అక్క అది ఫౌల్ కాదని ఇరవై ఏళ్ళు చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్కసారి, రెండు నిమిషాల ఆట కోసం, నా గడిలో ఒక గుర్తు కోసం, ఆ చేయి అబద్ధం చెప్పింది. కోర్టులో దానికి వంత పాడిన నోరు ఆ తర్వాత ప్రతిసారీ నిజం చెబుతూ వచ్చింది. నమ్మినవాళ్ళు లేరు. నేను నమ్మలేదు. నమ్మకపోగా నలుగురిలో పెట్టి నవ్వించాను, ఇప్పుడే, పది నిమిషాల క్రితం, ఆమె ఫొటో ముందు నిలబడి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది, అక్క పోయినందుకు వచ్చింది కాదు.

అప్పుడే ఎవరో రెఫరీ సారును చేయి పట్టుకుని తెచ్చి మా ముందున్న కుర్చీలో కూర్చోబెట్టారు. ఎనభై దాటాయి ఆయనకు. ప్యాంటుకు ఇంకా గంజి ఉంది. మీసం తెల్లబడింది. నన్ను గొంతుతో గుర్తుపట్టి, నా మణికట్టు పట్టుకున్నాడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. నాకైతే ఆ దినం ఇంక గూడ యాదికొస్తది. నాకు తాకినట్టు కనవడలే. నిజం జెప్తున్న, ఇసుమంత గూడ కనవడలే. చెయ్యి లేసింది, ఊదిన. ఎన్నేండ్లు ఊదిన్నో లెక్క లేదు గానీ, అందరూ నన్ను మోసం జేసిండ్రు, చిన్న పెద్ద అందరు. ఆ చెయ్యి ఒక్కటే ఒక్కసారి సుత చెయ్యలే." ఆయన తల ఎత్తి, మసక కళ్ళతో నా మొహం వెతికాడు. "తాకింది కదా?"

వరంగల్ ఆమె సమోసా మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది.

"తాకింది సార్" అన్నాను. "నేను బెంచీ మీదనే ఉంటిని. నాకు మంచిగ కనవడ్డది."